అదే సోలో రెండోసారీ వాయిస్తే అది ఇంప్రొవైజేషనేనా?

78ఆర్పీఎం:
కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ని 1923లో రెండుసార్లు రికార్డు చేసింది. ఏప్రిల్‌లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో జెన్నెట్ కంపెనీకి, జూన్‌లో షికాగోలో ఓకే కంపెనీకి. నిన్న రాత్రి రెండూ వెంటవెంటనే విన్నాను. ఆలివర్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) సోలో రెండింట్లోనూ దాదాపు ఒక్కటే! ‘అందరూ కలిసి అప్పటికప్పుడు అల్లేశారు’ అని మనం మురిసిపోయేదంతా కట్టుకథేనా?

బాకా:
బట్టీయే, అనుమానం లేదు. 1925లో ఫ్లెచర్ హెండర్సన్ బృందం ఇదే పాటను ‘షుగర్ ఫుట్ స్టాంప్’ పేరుతో చేసినప్పుడు, అంతకుముందు ఆలివర్ బ్యాండులో రెండో కార్నెట్ వాయించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన గురువు సోలోనే ఎత్తుకున్నాడు. షికాగోలోని లింకన్ గార్డెన్స్ డాన్సు హాల్లో వాళ్లిద్దరూ జంటగా వాయించే బ్రేకులకు (మిగతావాళ్లు ఆగినప్పుడు వచ్చే చిన్న ముక్కలకు) జనం నోరెళ్లబెట్టేవారు కదా, ఏం వాయించబోతున్నాడో ఆలివర్ ముందే సైగ చేసేవాడట. ఆ మాట తర్వాత ఆర్మ్‌స్ట్రాంగే చెప్పాడు.

క్లారినెట్‌పిచ్చి:
మీరిద్దరూ కార్నెట్ దగ్గరే ఆగిపోయారు. సోలో సంగతి ఒప్పుకుంటాను. అందరూ కలిసే చోటికి రండి. కార్నెట్లు వరస పట్టుకుంటాయి, జానీ డాడ్స్ క్లారినెట్ దాని మీదుగా తీగలా పాకుతుంది, డ్యూట్రే ట్రాంబోన్ కింద ఖాళీల్లోకి జారుతుంది. ఎవరి దారి ఏదో అందరికీ తెలుసు, ఆ దారిలో ఎలా నడవాలన్నది మాత్రం ఎవరిష్టం వాళ్లది. మన కచేరీలో కల్పనస్వరాలకు వయొలిన్ విద్వాంసుడు ఆగి, విని, బదులిస్తాడు. ఇక్కడ ఎవరూ ఆగరు. వింటూనే వాయించాలి. నాకు ఒళ్లు పులకరించేది అక్కడే.

ఇంకో మాట. అప్పటికి రికార్డింగుల్లో మైకు లేదు. అందరూ శబ్దాన్ని పట్టే ఒకే కొమ్ము ముందు నిలబడి వాయించాలి. డ్రమ్ముల దెబ్బకు రికార్డు గీసే సూది ఎగిరిపోతుందని డ్రమ్మర్ బేబీ డాడ్స్‌ను చెక్క దిమ్మెలకే పరిమితం చేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ మోత ఎక్కువైందని దూరంగా నిలబెట్టారని బ్యాండులో పియానో వాయించిన లిల్ హార్డిన్ చెప్పేది. మనం వింటున్నది ఆ బ్యాండులో సగమే.

78ఆర్పీఎం:
కొమ్ము వల్ల మోత తగ్గుతుంది గానీ స్వరాలు మారవు కదండీ. రికార్డు ఒక వైపు పట్టే మూడు నిమిషాల్లో ముగించాలంటే ముందే అనుకోక తప్పదు.

క్లారినెట్‌పిచ్చి:
అనుకున్నారు, కాదనను. కానీ అనుకోనిదీ అందులోనే ఉంది. ఏప్రిల్ రికార్డులో బేబీ డాడ్స్ తన బ్రేకు మర్చిపోతే, బ్యాంజో వాయించే బిల్ జాన్సన్ ‘ఓ, ప్లే దట్ థింగ్!’ అని కేకేసి ఆ ఖాళీ నింపాడని చెబుతారు. జూన్‌లోనూ అదే కేక. హెండర్సన్ రికార్డులోనూ అదే కేక!

బాకా:
చూశారా, పొరపాటును కూడా బట్టీ పట్టారు.

క్లారినెట్‌పిచ్చి:
పట్టారు, బాకా గారూ. మొదటిసారి అరిచినప్పుడు మాత్రం అది ఎవరి బట్టీ?

78ఆర్పీఎం:
ఇందాక ట్రాంబోన్ ఒక్కదాన్నే పట్టుకుని మళ్లీ విన్నాను. ఇన్నాళ్లూ అదేదో వెనక మూలుగు అనుకున్నాను, సిగ్గేస్తోంది. కార్నెట్ ఊపిరి తీసుకునే చోట సరిగ్గా వచ్చి కూర్చుంటోంది. సోలో మీద నా అనుమానం అలాగే ఉంది లెండి. ‘స్నేక్ ర్యాగ్’ కూడా రెండు కంపెనీలకీ చేశారు కదా, రేపు రాత్రి దాని వంతు.