నైరోబీకి ఎలక్షన్ల ముందు రావాలా, తర్వాతా?

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. నైరోబీకి బదిలీ అయింది, 2027 జులైలో రమ్మంటున్నారు. ఆగస్టు 10న అక్కడ ఎలక్షన్లట కదా. మా ఆవిడ, నాలుగేళ్ల పాప కూడా వస్తారు. అందరం కలిసే రావాలా, నేను ముందొచ్చి వాళ్లను తర్వాత పిలిపించుకోవాలా? మా అత్తగారు ఇప్పటి నుంచే టెన్షన్ పడుతున్నారు.

పార్క్‌ల్యాండ్స్ బాబాయ్:
తమ్ముడూ, రావడం సంగతి తర్వాత, ముందు ఇంటి సంగతి విను. 2017 జులైలో ఫ్లాట్ మాట్లాడుకుని నెల అద్దె, రెండు నెలల డిపాజిట్ కట్టాను. తాళం ఆగస్టు మొదటి వారంలో ఇస్తానన్నాడు ఓనరు. వెళ్తే గేటు దగ్గర అస్కారీ, అంటే వాచ్‌మన్, ఒక్కడే ఉన్నాడు. ఓనరు ఓటేయడానికి ఊరెళ్లాడట. ఇక్కడ చాలామందికి ఓటు సొంతూళ్లోనే. మనవాళ్లు ఓటుకోసం పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ ఆగినట్టే ఉంటుంది ఇక్కడి బస్టాండ్లలో. ‘బాడా యా ఉచగూజీ’ అన్నాడు అస్కారీ. ఎన్నికల తర్వాత అని.

8న పోలింగ్ అయింది, 11న అప్పటి ప్రెసిడెంటు ఉహురు కెన్యాట్టాయే మళ్లీ గెలిచాడన్నారు. మళ్లీ వెళ్లాను. వంటింట్లో సింకు కింద పైపు లేదు, బకెట్ పెట్టి ఉంది. ప్లంబరు ఊరి నుంచి రాలేదట. సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ ఎన్నికే చెల్లదంది. ఆఫ్రికాలోనే మొదటిసారని దేశమంతా చెప్పుకుంటుంటే నేను పైపు కోసం ఏడుస్తున్నాను. ఓనరు ఫోనెత్తి, ‘మళ్లీ పెడుతున్నారుగా, అది కానీ’ అన్నాడు. అక్టోబర్ 26న మళ్లీ పెట్టారు. ప్రతిపక్ష నాయకుడు రైలా ఒడింగా పోటీకి రానన్నాడు, ఉహురుకి 98 శాతం వచ్చాయి. నాకు తాళం నవంబర్‌లో వచ్చింది. అద్దె మాత్రం ఆగస్టు నుంచే పట్టుకున్నాడు. అగ్రిమెంట్‌లో తేదీ రాయించుకో. ఎన్నికల తర్వాత అంటే ఒప్పుకోకు, ఏ ఎన్నికో చెప్పరు.

ఖాతాల మాస్టారు:
బాబాయ్ సింకు కథ ఐదేళ్లకోసారి వింటూనే ఉన్నాం. కొత్తబ్బాయి గారూ, కంగారేం లేదు. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే ప్రెసిడెంటు, వారంలో తేలిపోతుంది.

కిసుము పాతకాపు:
మాస్టారూ, మన ఎమ్మెల్యే ఎలక్షన్ అనుకుంటున్నారా? ఇక్కడ సగం కంటే ఎక్కువ ఓట్లు రావాలి. పైగా 47 కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటివి, కనీసం 24 చోట్ల పాతిక శాతం చొప్పున తెచ్చుకోవాలి. లేకపోతే మొదటి ఇద్దరి మధ్య 30 రోజుల్లో మళ్లీ పోలింగ్. 2022లో ఇప్పటి ప్రెసిడెంటు రూటోకి 50.49 శాతం, రైలాకి 48.85. గీత దాటింది అర శాతం కూడా లేదు. ఎన్నికల సంఘంలో ఏడుగురుంటే నలుగురు ఆ ఫలితం మాది కాదన్నారు.

2007 డిసెంబర్ 30న చీకటి పడే వేళ అప్పటి ప్రెసిడెంటు కిబాకీ మళ్లీ గెలిచానని హడావుడిగా ప్రమాణం చేసినప్పుడు నేను రైలా బలగం ఉన్న కిసుములో ఉన్నాను. ఆ ఫలితం మీద రేగిన గొడవల్లో దేశంలో వెయ్యిమందికి పైగా పోయారు, లక్షలమంది ఇళ్లు వదిలారు. మేం నలుగురం గోడౌన్ షట్టర్ దించుకుని ఐదు రోజులు అన్నం, గోంగూర పచ్చడితో గడిపాం. ఫోన్‌లో బ్యాలెన్స్ లేదు, కార్డులు దొరకవు. అమ్మకి ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేశాను. ఆ అత్తగారి టెన్షన్ ఊరికే కాదు.

వెస్ట్‌ల్యాండ్స్ వదిన:
అన్నయ్యగారూ, చిన్నపిల్లతో వచ్చేవాళ్లకి ఇదా చెప్పేది? 2010లో కొత్త రాజ్యాంగం వచ్చాక 2013, 2017, 2022, మూడుసార్లూ గొడవ కోర్టుకే వెళ్లింది. ఈవీఎంలు లేవు, ఒక్కొక్కరు ఆరు పదవులకి ఆరు బ్యాలెట్లు వేస్తారు. లెక్కింపు ఆ రాత్రే, ఆ బూత్‌లోనే. ఫారం 34ఏ అని ఆ లెక్క రాసిన కాగితం తలుపుకి అంటిస్తారు. 2022లో అవన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పెడితే మా ఆఫీసు కుర్రాళ్లు సొంతంగా కూడుకున్నారు. నా బాధల్లా ఉంగా గురించే. అదే మొక్కజొన్న పిండి. ఆ జులైలో ప్రభుత్వం రెండు కిలోల ప్యాకెట్ 100 షిల్లింగులే అంది. మా పనమ్మాయి మూడు షాపులు తిరిగి ఖాళీ చేతులతో వచ్చింది.

కిసుము పాతకాపు:
కోర్టుకెళ్లింది నిజమే. 2017లో ఇక్కడ కిసుములో పోలీసు తూటాలకి పోయినవాళ్లు కోర్టు దాకా బతికుంటేగా. నైరోబీలో మీ వెస్ట్‌ల్యాండ్స్‌కి కోర్టు దగ్గర.

కొత్తకాపురం:
పార్టీల రంగులుంటాయట కదా, బట్టల విషయంలో జాగ్రత్త పడాలా?

పార్క్‌ల్యాండ్స్ బాబాయ్:
రూటో పార్టీ యూడీఏది పసుపు, గుర్తు ఒంటిచక్రం బండి. రైలా పార్టీ ఓడీఎం, అంటే ఆరెంజ్ డెమోక్రటిక్ మూవ్‌మెంట్, దానిది నారింజ. 2005లో కొత్త రాజ్యాంగం మీద పెట్టిన రిఫరెండంలో అవునంటే అరటిపండు, కాదంటే నారింజపండు గుర్తులిచ్చారు. నారింజ గెలిచింది, ఆ పండే పార్టీ పేరైంది. ఆ రెండు రంగులూ సూట్‌కేస్‌లోనే ఉంచు. టాక్సీలో ఎవరికి ఓటేస్తావని అడిగితే నాకు ఓటు లేదను, నిజం కూడా అదే. 2017 పోలింగ్‌కి రెండు వారాల ముందు ఇక్కడి భారత సంతతివాళ్లని దేశంలో 44వ తెగగా గుర్తించారు. ఓట్ల వేళే గుర్తొస్తాం మరి.

కిసుము పాతకాపు:
2025 అక్టోబర్‌లో రైలా పోయాడు. వైద్యానికని వెళ్లి మన కేరళలోనే. ఆయన లేని ఎలక్షన్ ఎలా ఉంటుందో ఇక్కడెవరూ చెప్పలేరు. మాస్టారు తప్ప.

ఖాతాల మాస్టారు:
మెజారిటీ రూలు నాదే పొరపాటు. తేదీలు మాత్రం రాసుకోండి. ఫలితానికి ఏడు రోజుల గడువు, ఆగస్టు 17. పిటిషన్‌కి ఏడు, 24. తీర్పుకి పద్నాలుగు, సెప్టెంబర్ 7. ఎన్నిక చెల్లదంటే 60 రోజుల్లో మళ్లీ పోలింగ్. మీరు జులైలో రండి, వాళ్లకి సెప్టెంబర్ రెండో వారం తర్వాత, తేదీ మార్చుకునే టికెట్ తీయండి. పోలింగ్ వారానికి బియ్యం, గ్యాస్, పాపకి పాలు ముందే తెచ్చుకోండి.

వెస్ట్‌ల్యాండ్స్ వదిన:
చింతపండు మోసుకురాకండి. ఇక్కడ ఉక్వాజు అని దొరుకుతుంది.

పార్క్‌ల్యాండ్స్ బాబాయ్:
ఉక్వాజుతో పులిహోరా! వదినగారూ, ఎవరికైనా చెప్పండి గానీ నాకు చెప్పకండి. రెండు కిలోలు తెచ్చుకో తమ్ముడూ, నాకో కిలో.