వై-ఫై తెగి కలిసినప్పుడు స్కానర్ ఆర్డరు రెండుసార్లు నమోదవుతోంది

సూపర్ మార్కెట్‌లో ఆర్డర్లకు, నిల్వల లెక్కకు ఆండ్రాయిడ్ చేతి స్కానర్లు వాడుతున్నాం. బార్‌కోడ్ చదివి పెట్టెల సంఖ్య కొడితే వై-ఫై ద్వారా సర్వరుకు చేరుతుంది. అమ్మకాల హాలులో ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా శీతల గది తలుపు దగ్గరే. అక్కడ కనెక్షన్ కొన్ని సెకన్లు పోతుంది. తిరిగి రాగానే చివరి ఆర్డరు రెండుసార్లు కనిపిస్తుంది. సబ్బులు ఎక్కువ వస్తే సర్దుకోవచ్చు, పాలు ఆగవు కదా!

తలుపు తెరిచి ఉంటే సిగ్నల్ -65 డీబీఎం, మూస్తే -82 (సున్నాకు ఎంత దూరమైతే అంత బలహీనం). యాక్సెస్ పాయింట్లన్నిటికీ (వై-ఫై సిగ్నల్ ఇచ్చే పరికరాలు) ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు విడివిడిగా ఇచ్చి చూశాను. తర్వాత 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను. స్కానర్లలో బ్యాటరీ పొదుపు ఆపేశాను. 802.11ఆర్ (ఒక యాక్సెస్ పాయింట్ నుంచి మరోదానికి త్వరగా మారే సదుపాయం) ఆన్ చేశాక తెగడం తగ్గింది కానీ పోలేదు.

సర్వర్ లాగ్‌లో ఆ రెండు నమోదుల మధ్య తేడా ప్రతిసారీ 15 సెకన్లు. యాప్‌లో జవాబు కోసం వేచి ఉండే గడువు కూడా అంతే. అంటే మొదటి ఆర్డరు చేరుతోంది, జవాబు మాత్రం దారిలో పోతోంది, యాప్ మళ్లీ పంపుతోంది. కాబట్టి ఇక వై-ఫైని తిట్టి లాభం లేదనిపిస్తోంది.

యాప్ కోడ్ మా చేతిలో లేదు. అది ఒక్కో ఆర్డరుకు ప్రత్యేక సంఖ్యను కూడా పంపదు. ఒకే సరుకును అదే స్కానర్‌తో వెంటనే మళ్లీ ఆర్డరు చేయడం మాకు మామూలే. ఈ పరిస్థితిలో నిజమైన రెండో ఆర్డరును పోగొట్టకుండా, మళ్లీ వచ్చిన నకలును సర్వర్ వైపే గుర్తించడం ఎలా?