-25 డిగ్రీల చలిలో హీట్ పంపుతో ఇల్లు వెచ్చబడుతుందా?

నయీంనగర్ అమ్మమ్మ, హన్మకొండ:
మా బిడ్డ, అల్లుడు మిన్నెసోటాలో సెయింట్ క్లౌడ్ ఊరి బయట పాత ఇల్లు కొన్నారు. అక్కడికి గ్యాస్ పైపులైను లేదు. పెరట్లో పెద్ద ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు, కింద బేస్‌మెంట్‌లో ఆ గ్యాస్‌తో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఉన్నాయి. ఇప్పుడు అల్లుడు హీట్ పంపు పెట్టిస్తానంటున్నాడు. ఏసీ ఔట్‌డోర్ లాంటి పెట్టె ఇంటి బయట ఉంటుందట, అది బయటి గాలిలోంచి వేడి తీసి ఇంట్లోకి పంపుతుందట. జనవరి రాత్రుల్లో అక్కడ -25 కూడా పడుతుంది. ఆదిలాబాద్‌లో మా చెల్లె ఇంట్లో 7 డిగ్రీలకే కుంపటి ముందు నుంచి లేవలేదు మేము. -25 గాలిలో వేడి ఎక్కడిది? డిసెంబరులో బిడ్డ కాన్పు, నేను పోతున్నా. పసిగుడ్డు ఉండే ఇల్లు, అందుకే అడుగుతున్నా. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లాంట్ ఆపరేటర్, ఎనుమాముల:
నమస్తే అక్కా. నేను మిర్చి కోల్డ్ స్టోరేజ్‌ల అమోనియా గ్యాస్‌తోని గదులు చల్లబెట్టే ప్లాంట్ నడిపిస్త. మీ అల్లుడు చెప్పింది నిజమే, -25ల గూడ వేడి దొరుకుతది.

మా దగ్గర మిర్చి బస్తాలుండే గదులు 5, 6 డిగ్రీల మీద ఉంటయి. బస్తాల వేడి, గోడల నుంచి లోపలికొచ్చే వేడి అంతా అమోనియా గుంజుకుంటది. కంప్రెసర్ దాన్ని ఒత్తి కండెన్సర్‌కు పంపుతది. ఆ డిశ్చార్జ్ పైపును కొత్త పిల్లగాండ్లను వట్టి చేతులతోని ముట్టనియ్యం, చెయ్యి కాలుతది. 5 డిగ్రీల గదిల నుంచి తీసిన వేడి, దానికి మోటారు తిన్న కరెంటు కలిస్తే వచ్చిన కాక అది. మేం దాన్ని డాబా మీద నీళ్లు పారిచ్చి బయట పారబోస్తం. మీ అల్లుడు దాన్నే ఇంట్ల వాడుకుంటడు. మిషను పని ఒక్కటే.

సున్నా డిగ్రీలంటే నీళ్లు గడ్డకట్టే గుర్తు, వేడి అయిపోయిందని కాదు. వేడి మొత్తం అయిపోవాల్నంటే -273 దాకా పోవాలె. ఇండ్ల మిషన్లల్ల వాడే ఆర్-32, ఆర్-410ఏ గ్యాసులు మామూలు ఒత్తిడిల -51 దాపునే మరుగుతయి. -25 గాలి వాటికి పొయ్యి లెక్కనే.

నార్వేల డ్రామెన్ అనే ఊరున్నది. అక్కడ ఫ్యోర్డ్ (కొండల నడుమకు వచ్చిన సముద్రపు పాయ) నీళ్లు 8 డిగ్రీలుంటయి. అమోనియా హీట్ పంపులు ఆ నీళ్ల నుంచే వేడి తీసి 90 డిగ్రీల దాకా నీళ్లు కాగబెట్టి బిల్డింగులకు పంపుతయి. మేం రోజూ నడిపే గ్యాసే అది. ఈ సంగతి తెలిసిన కాడినుంచి మా ప్లాంటుల పారబోసే వేడిని చూస్తే పాణం ఊకుంటలేదు.

ఇగ అసలు ఇబ్బంది వేరే ఉన్నది అక్కా. బయట చలి ముదిరిన కొద్దీ కంప్రెసర్‌కు వచ్చే గ్యాస్ పలచబడుతది, మిషను ఇచ్చే వేడి తగ్గుతది. ఇంటికి ఎక్కువ వేడి కావాల్సింది గూడ అప్పుడే. మామూలు మిషన్లు ఇక్కడనే చేతులెత్తేస్తయి. చలి దేశాల కోసం చేసిన వాటిల కంప్రెసర్ నడుమ ఇంకో దారి పెట్టి గ్యాస్ ఇంజెక్ట్ చేస్తరు. దాంతోని కంప్రెసర్ మరీ వేడెక్కదు, పారే గ్యాస్ పెరుగుతది. అట్లాంటివి కొన్ని -15 దాకా పూర్తి కెపాసిటీ ఇస్తయి, -25ల గూడ నడుస్తయి. అమెరికల పెట్టె మీద రాసే కెపాసిటీ 47 ఫారెన్‌హీట్ దగ్గరిది, అంటే మన 8 డిగ్రీలు. అది చూసి కొనొద్దు. -25 దగ్గర ఎన్ని బీటీయూలు (అక్కడ వేడిని కొలిచే లెక్క) ఇస్తదో కంపెనీ పట్టిక చూపియ్యమనాలె, ఆ రాత్రి ఇంటికి ఎన్ని కావాల్నో లెక్క కట్టించాలె. ఈ రెండు కాయితాలు చూపియ్యని కాంట్రాక్టర్‌కు పని ఇయ్యొద్దు.

కరీంనగర్ టు మిన్నెసోటా:
అమ్మా, మేము ఉండేది మీ అమ్మాయి వాళ్లకు గంటన్నర దూరంలో. హీట్ పంపు పెట్టించుకోమనండి, కానీ ప్రొపేన్ ఫర్నేస్ మాత్రం తీసేయొద్దు. రెండూ కలిపి నడిపే థర్మోస్టాట్లు ఉన్నాయి, ఇక్కడ చాలామంది చేసేది అదే.

ఖర్చు లెక్క చెప్తా. వేడిని కూడా కరెంటు యూనిట్లలోనే లెక్కేస్తే, గ్యాలన్ ప్రొపేన్‌లో సుమారు 27 యూనిట్ల వేడి ఉంటుంది, మంచి ఫర్నేస్ అందులో 25 ఇంట్లోకి ఇస్తుంది. గ్యాలన్ 2 డాలర్లనుకుంటే యూనిట్ వేడికి 8 సెంట్లు. కరెంటు యూనిట్ 15 సెంట్లనుకోండి. సున్నా దగ్గర మంచి హీట్ పంపు యూనిట్ కరెంటుకు దాదాపు 3 యూనిట్ల వేడి ఇస్తుంది, అంటే 5 సెంట్లు. -20లో 2 యూనిట్లే, అప్పుడు 7.5. అంటే చలికాలంలో చాలా రోజులు హీట్ పంపే చవక, ఆ నాలుగు భయంకరమైన రాత్రులు ఫర్నేస్ చూసుకుంటుంది. పైపులైను గ్యాస్ ఉన్న ఇంటికైతే ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ గ్యాసే చవక.

మిషను కన్నా ముందు ఇల్లు చూడాలి. తలుపు ఫ్రేములో ఫ్యాన్ బిగించి గాలి బయటికి లాగి పరీక్ష చేస్తారు. మా ఇంట్లో గోడలకున్న స్విచ్‌బోర్డుల్లోంచి చల్లగాలి చేతికి తగిలింది. అవి మూయించి, అటకలో ఇన్సులేషన్ వేయించాక చిన్న మిషనే సరిపోయింది.

నయీంనగర్ అమ్మమ్మ, హన్మకొండ:
ఇద్దరికీ చాలా సంతోషం. బిడ్డకు ఇదంతా చదివి వినిపించా. తను రెండు అడిగింది. వాళ్ల పక్కింట్లో చలిరోజు ఆ పెట్టెలోంచి పొగ వస్తుందట, అంటుకుంటుందా? కరెంటు పోతే పాపాయి సంగతేంది?

ప్లాంట్ ఆపరేటర్, ఎనుమాముల:
అది పొగ కాదక్కా, ఆవిరి. బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటే గాలి ఆడదు. అప్పుడు మిషను కొద్ది నిమిషాలు ఉల్టా తిరిగి, వేడి గ్యాస్‌ను బయటి కాయిల్‌కు పంపి మంచు కరిగిస్తది. మేం గూడ గదులల్ల కాయిళ్లకు హాట్ గ్యాస్ ఇచ్చి డీఫ్రాస్ట్ చేస్తం. ఎముకలు కొరికే చలిల కన్నా, సున్నా చుట్టుపక్కల తడిగాలి ఉన్న రోజులల్లనే ఇది ఎక్కువ. ఆ నిమిషాలు ఇంట్లకు చల్లగాలి రాకుండ ఫర్నేసో, హీటర్ కాయిలో అందుకుంటది.

కరీంనగర్ టు మిన్నెసోటా:
కరెంటు పోతే ఫర్నేస్ కూడా ఆగుతుందమ్మా, దాని బ్లోయర్‌కూ కరెంటే కావాలి. ఊరి బయట ఇల్లు కాబట్టి ఫర్నేస్ నడిచేంత చిన్న జనరేటర్ పెట్టుకోమనండి, ప్రొపేన్‌తో నడిచేది దొరుకుతుంది. దాన్ని ఇంటి బయటే నడపాలి, గ్యారేజీలో అస్సలు వద్దు. ఇంకొకటి, హీట్ పంపు గాలి ఫర్నేస్ గాలంత వేడిగా ఉండదు, గోరువెచ్చగా ఆగకుండా వస్తుంది. పనిచేయట్లేదనుకొని రాత్రి తగ్గించి పొద్దున పెంచకండి, ఒకే డిగ్రీ మీద వదిలేయండి.

ప్లాంట్ ఆపరేటర్, ఎనుమాముల:
ఔట్‌డోర్ పెట్టెను నేల మీద పెట్టనియ్యొద్దు. అక్కడ మంచు ఎంత ఎత్తు పడుతదో అంతకన్నా పైకి ఇనుప స్టాండు వేయించాలె. చూరు కింద గూడ వద్దు, కారిన నీళ్లు ఫ్యాన్ మీదనే గడ్డకడుతయి. డీఫ్రాస్ట్ నీళ్లు నడిచే దారిల పడకుండ జాగా చూసుకొమ్మని చెప్పుండ్రి.