వీడియోస్కోపు టిప్పు రెండో మలుపు తర్వాత వంగడం లేదు: కొత్తది కొంటే లీవరా, జాయ్‌స్టిక్కా?

హెడర్ మనిషి:
అందరికీ నమస్కారం. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో షట్‌డౌన్ సమయంలో బాయిలర్ హెడర్ల (ఆవిరి ట్యూబులన్నీ వచ్చి కలిసే లావుపాటి పైపుల) లోపలి తనిఖీ చేసే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో పనిచేస్తున్నాను. మా దగ్గరున్నది 6 మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవున్న వీడియోస్కోపు, అంటే వంగే సన్నని ట్యూబు కొసన (టిప్పులో) కెమెరా ఉండే పరికరం. హ్యాండిల్ మీద లీవరు ఒక్కటే. టిప్పు పైకీ కిందికీ వంగుతుంది, అంతే. పక్కకు చూడాలంటే మొత్తం ట్యూబునే చేత్తో మెలితిప్పాలి.

బల్ల మీద తిన్నగా పరిచి లీవరు నొక్కితే టిప్పు 120 డిగ్రీల దాకా శుభ్రంగా వంగుతుంది. సూపర్‌హీటర్ హెడర్ తనిఖీ నాజిల్ (లోపలికి చూడటానికి ఉంచిన పొట్టి గొట్టం) మూత కోయించి లోపలికి దింపాక కథ మారిపోతుంది. నాజిల్ దగ్గర ఒక మలుపు, హెడర్ వెంట పడుకునేటప్పుడు ఇంకొకటి. ఆ తర్వాత లీవరు చివరిదాకా నొక్కినా సగం వంపు కూడా రాదు. నేను చూడాల్సింది వరుసగా ఉండే స్టబ్బు రంధ్రాలు, అంటే బాయిలర్ ట్యూబులు హెడర్‌కు కలిసే పొట్టి గొట్టాల మూతులు. వెల్డింగ్ చిట్టెమో, గ్రైండింగ్ ముక్కో ఒక రంధ్రం మూతిలో ఇరుక్కుంటే ఆ బాయిలర్ ట్యూబుకు ఆవిరి తగ్గుతుంది, ట్యూబు అతిగా వేడెక్కి కొన్నాళ్లకు పగులుతుంది. కాబట్టి ఒక్క రంధ్రం కూడా వదలకూడదు. స్కోపు ట్యూబును మెలితిప్పితే ముందు ఏమీ కదలదు. ఇంకాస్త తిప్పితే టిప్పు ఒక్కసారిగా గిర్రున తిరిగి ఎక్కడో ఆగుతుంది. ఎన్నో రంధ్రం చూస్తున్నానో తెలియదు.

స్కోపు బాగానే ఉంది, నీ చెయ్యే కుదరలేదంటారు మా యజమాని. తీగలు అరిగిపోయాయని నా అనుమానం. కొత్తది కొనే పరిస్థితి వస్తే నాలుగు దిక్కులా వంగే లీవరు రకం సరిపోతుందా, మోటారు జాయ్‌స్టిక్ ఉన్నదే కావాలా? రెండింటి ధరలకూ చాలా తేడా ఉంది.

హ్యాంగర్ నుంచి:
నేను విమాన ఇంజిన్ల మీద పనిచేస్తాను, బాయిలర్ల సంగతి తెలియదు. మాకు జాయ్‌స్టిక్ లేనిదే పని జరగదు, కానీ అందుకు కారణం వేరు. సీఎఫ్ఎం56 లాంటి ఇంజిన్‌లో హై ప్రెషర్ కంప్రెసర్‌కు 9 దశలు, అంటే తిరిగే బ్లేడ్ల వరుసలు, ఉంటాయి. ప్రతి దశలోనూ బ్లేడ్లన్నీ చూడాలి. అలాగని స్కోపును ఒక్కో బ్లేడు దగ్గరికీ తీసుకెళ్లం. పోర్టులోంచి గైడ్ ట్యూబు పెట్టి, టిప్పును ఒక్కసారి సరైన కోణానికి తెచ్చి, అక్కడే బిగించి వదిలేస్తాం. ఇంకొకరు గేర్‌బాక్స్ దగ్గర రోటరును నెమ్మదిగా తిప్పుతుంటే బ్లేడ్లే కెమెరా ముందుకు వస్తాయి. చెయ్యి తీసినా టిప్పు అదే కోణంలో నిలబడటం మాకు ముఖ్యం. లీవరుకు బ్రేకు ఉన్నా అది కొంచెం జారుతుంది.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. టిప్పు బ్లేడ్ల మధ్య ఉండగా రోటరు తిప్పేవారికి సైగ అందకపోతే టిప్పు తెగుతుంది. మా దగ్గర రోటరు తిప్పే మీట కూడా స్క్రీన్ చూస్తున్న మనిషి చేతిలోనే ఉండాలన్న నియమం అందుకే పెట్టుకున్నాం.

బాలానగర్ మరమ్మతు:
తమ్ముడూ, మీ యజమాని చెప్పిందీ సగమే నిజం, నువ్వు అనుకున్నదీ సగమే నిజం. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

లీవరు నొక్కితే లోపల జరిగేది సైకిలు బ్రేకులో జరిగేదే. సన్నని స్టీలు తీగలు స్ప్రింగులాంటి తొడుగుల్లోంచి ట్యూబు పొడవునా వెళ్లి, చివర వంగే భాగంలోని ఉంగరాలకు అతుక్కుని ఉంటాయి. తీగ ఒక మలుపు తిరిగిన ప్రతిసారీ తొడుగు గోడకు రాసుకుంటుంది. ఈ రాపిడి కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. రాపిడి గుణకం 0.1 అని పెట్టుకుని లెక్క కట్టు. ఒక పూర్తి చుట్టు తిరిగిన తీగను లాగడానికి దాదాపు 1.9 రెట్లు బలం కావాలి. రెండు చుట్లయితే మూడున్నర రెట్లు. నీ చేతి బలం అంతే ఉంటుంది కాబట్టి, తగ్గేది టిప్పు వంపు.

ఇప్పుడు నువ్వు రాయని సంగతి ఒకటి అడుగుతాను. 3 మీటర్ల ట్యూబులో హెడర్ లోపలికి వెళ్లేది ఎంత? మిగిలినదాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకుంటావు కదూ? బయట ఉన్న ఆ చుట్ట కూడా తీగకు మలుపే. లోపలి రెండు మలుపులూ కలిపి 180 డిగ్రీలు అనుకో, భుజం మీద చుట్ట 360. మొత్తం లెక్కిస్తే కావలసిన బలం రెండున్నర రెట్లు దాటుతుంది. చుట్ట విప్పి, ట్యూబును ప్లాట్‌ఫాం మీద తిన్నగా పరిచి, నువ్వు వెనక్కి జరిగి నిలబడు. అప్పుడు 1.4 రెట్లే. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది, నాలాంటివాళ్ల పొట్ట కొట్టే మరమ్మతు కూడా.

టిప్పు గిర్రున తిరగడానికి కూడా రాపిడే కారణం. రెండు మలుపుల అవతల ఉన్న టిప్పుకు నీ మెలిక వెంటనే చేరదు. గోడ పట్టు వదిలేదాకా ట్యూబులోనే పోగుపడుతుంది, వదలగానే అంతా ఒక్కసారి బయటపడుతుంది. రెండు దిక్కుల స్కోపుతో తిన్నని పైపులో ఎంత పనైనా చెయ్యవచ్చు. మలుపులుంటే నాలుగు దిక్కులు కావాల్సిందే. ఆ విషయంలో మీ యజమానితో వాదించు, న్యాయం నీ వైపే ఉంది.

లీవరా మోటారా అంటే, 3 మీటర్ల లోపు పనికి నా ఓటు లీవరుకే. కడుపులోకి కెమెరా దింపే డాక్టర్లు ఇప్పటికీ రెండు చక్రాలను బొటనవేలితోనే తిప్పుతున్నారు. టిప్పు గోడకు తగిలితే వేలికి తెలుస్తుంది. మోటారుకు ఆ స్పర్శ లేదు. టిప్పు స్టబ్బు అంచున ఇరుక్కున్నా జాయ్‌స్టిక్ అదే మెత్తదనంతో కదులుతుంది, లోపల తీగ సాగుతుంది. నా బల్ల మీదికి వచ్చే మోటారు స్కోపుల్లో సాగిన తీగలే ఎక్కువ. పొడవు 6 మీటర్లయితే మాత్రం మాట మార్చుకుంటాను. అంత రాపిడిని రోజంతా బొటనవేలితో లాగితే సాయంత్రానికి వేలు పనిచెయ్యదు.

అసలు నీ పనికి అంత వంపు ఎందుకు? పక్కకు చూసే లెన్సు అడాప్టరు తెప్పించు. టిప్పు హెడర్ వెంట తిన్నగా పడుకుని ఉండగానే రంధ్రాలు ఎదురుగా కనిపిస్తాయి. టిప్పును కొద్దిగా సర్దుకుంటే చాలు. రెండు మరలున్న అడాప్టరే కొను, ఒకటి వదులైనా రెండోది పట్టుకుంటుంది. హెడర్‌లో అడాప్టరు జారవిడిస్తే నువ్వు వెతకడానికి వెళ్లిన చెత్త నువ్వే వేసినట్టవుతుంది.

స్క్రీన్ మీద పైవైపు అంటే హెడర్ పైవైపు కాదని కూడా గుర్తుంచుకో. ట్యూబు ఎంత మెలిక తిరిగిందో బొమ్మా అంతే తిరుగుతుంది. లోపల నిలిచిన నీటి గీతో, తుప్పు పొడి పేరుకున్న చోటో చూసుకుని నేల ఎటుందో తేల్చుకున్నాకే రంధ్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టు.

చెరకు మిల్లు:
బాలానగర్ పెద్దాయన మాటకు ఒక్కటి కలుపుతాను. బయటకు లాగేముందు లీవరు బ్రేకు వదలాలి, టిప్పు తిన్నగా కావాలి. మా మిల్లులో బాయిలర్ ట్యూబులు చూసే ఒకాయన వంచిన టిప్పుతోనే కొక్కెం వేసినట్టు ముక్కలు లాగేవాడు. పైనున్న రబ్బరు చిరిగింది, నూనె తడి లోపలికి వెళ్లి తీగలు తుప్పుపట్టాయి. ముక్కలు తియ్యడానికి విడిగా పట్టుకారు దొరుకుతుంది, స్కోపుతో ఆ పని చెయ్యకూడదు. హెడర్ పూర్తిగా చల్లబడకుండా దింపవద్దు. చాలా స్కోపుల టిప్పు గాలిలో 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది.

హెడర్ మనిషి:
అందరికీ ధన్యవాదాలు. బాలానగర్ గారూ, చుట్ట సంగతి మీరు చెప్పినట్టే ఉంది, భుజానే వేసుకుంటున్నాను. ఈ రోజు ప్లాట్‌ఫాం మీద పరిచి చూశాను. వంపు బాగా పెరిగింది, కానీ ఇంకా తేడా ఉంది. బల్ల మీద కోణమానిని పెట్టి కొలిస్తే పైకి 120 వస్తోంది, కిందికి 85 దగ్గర ఆగిపోతోంది. ఇది కూడా రాపిడేనా?

బాలానగర్ మరమ్మతు:
కాదు. తిన్నగా పరిచినప్పుడు కూడా ఒక వైపే తగ్గితే అది తీగే. కింది వైపు తీగ సాగింది, లీవరు మొదటి భాగమంతా ఆ వదులు లాగడానికే ఖర్చవుతోంది. లీవరు ఎంత దూరం కదిలాక టిప్పు కదలడం మొదలవుతుందో చూడు, నీకే తెలుస్తుంది. చాలా రకాల్లో హ్యాండిల్ విప్పి బిగువు సరిచెయ్యవచ్చు, మొత్తం మార్చనక్కర్లేదు. కానీ ముందు వంగే భాగం మీది రబ్బరును భూతద్దంతో చూడు. సూది మొన అంత రంధ్రం ఉన్నా బిగువు జోలికి పోవద్దు. తడి చేరి తుప్పుపట్టిన తీగను బిగిస్తే తెగుతుంది. రబ్బరు ఫోటో, ఈ రెండు కోణాల ఫోటోలు ఇక్కడే పెట్టు. షట్‌డౌన్ అయ్యేదాకా ఆగవచ్చో, ఇప్పుడే ఆపాలో చూసి చెబుతాను.