సారెమా ద్వీపంలో పాత కట్టడాలు: అమ్మానాన్నలతో వెళ్ళాలనుకుంటున్నాను, సలహా కావాలి

ప్రశ్న (టార్టు, విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను గత సెప్టెంబరులో ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదవడానికి వచ్చాను. జూలైలో మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నగారు చరిత్ర ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. టాలిన్ పాత నగరం ఎలాగూ చూస్తాం కాని, పల్లె ప్రాంతంలో కోటలు, పాత చర్చిలు, ఊళ్ళు చూడాలని ఆయన కోరిక. అందుకే సారెమా ద్వీపం అనుకుంటున్నాను. అక్కడ తప్పక చూడవలసినవి ఏవి, వదిలేసినా ఫరవాలేనివి ఏవి? అమ్మకు మోకాళ్ళ నొప్పి. నాకు కారు నడపడం రాదు. పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (టాలిన్, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయినవాడిని)

చెల్లెమ్మా, మొదట కురెస్సారె కోట చూడు, మిగతావన్నీ దాని తర్వాతే. బాల్టిక్ దేశాల మధ్యయుగపు కోటల్లో ఇంత చక్కగా నిలిచినవి అరుదు. 1380ల నాటికే దాని ప్రస్తావన పత్రాల్లో కనిపిస్తుంది. ఇది రాజుగారి కోట కాదు, సారె-లానె (ఈ ద్వీపాలు, ఎదుటి పడమటి తీరం కలిసిన పాత సంస్థానం) ఏలిన బిషప్పు గారిది. నలుచదరపు భవనం, మధ్యలో ఇరుకైన ముంగిలి, దాని చుట్టూ కమానుల వసారా, రెండు బురుజులు, అంతా స్థానిక డోలమైటు రాయి. 1559లో బిషప్పు ఈ ప్రాంతాన్ని డెన్మార్క్ రాజుకు అమ్మేశాడు, 1645లో స్వీడన్‌కు పోయింది, 1710లో రష్యా చేతిలో పడింది. చుట్టూ కనిపించే మట్టి గట్లు, కందకం ఆ ఫిరంగుల కాలపువి. లోపల ఇప్పుడు సారెమా మ్యూజియం ఉంది.

నాన్నగారికి పొడుగు హెర్మన్ బురుజు తప్పక చూపించు. కోటలో భాగమే అయినా, దానికీ భవనానికీ మధ్య లోతైన అగాధం వదిలి, ఎత్తుడు వంతెన పెట్టారు. శత్రువు లోపలికి వచ్చేసినా ఆఖరి దళం ఆ బురుజులోకి చేరి వంతెన ఎత్తేసుకోవడానికి. ఆ అగాధంలో బిషప్పు సింహాలను పెంచి నేరస్తులను వాటికి వేసేవాడని కథ చెబుతారు. నిజానికి అది మరుగుదొడ్ల వ్యర్థాలు పడే గొయ్యి. గైడ్లు సింహాల కథ ముందు చెప్పి, అందరూ భయపడ్డాక అసలు సంగతి చెబుతారు.

అయితే మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. అమ్మగారిని ముంగిలిలో కూర్చోబెట్టి మీరిద్దరూ పైకి ఎక్కండి. ఇంకొక సంగతి, జూలైలో ఓడకు వాహనాల వరుస చాలా పొడుగ్గా ఉంటుంది కనుక కారుతో వెళ్ళేవాళ్ళు టికెట్టు ముందే కొనుక్కోవాలి. జూన్ 23, 24 సెలవుల్లో అయితే ఆ దారిలో అడుగు పెట్టకపోవడమే మేలు.

సమాధానం (పర్ను)

టాలిన్ అన్నయ్యగారు ఎప్పటిలాగే కోటతో మొదలుపెట్టి కోటతో ముగించారు. ఆ అమ్మాయి జూన్ సెలవుల గురించి అడగలేదు, కారు నడపనని కూడా స్పష్టంగా రాసింది. గోల్కొండ చూసి పెరిగిన మనవాళ్ళకు కురెస్సారె కోట నిడివిలో చిన్నదిగానే అనిపిస్తుంది, ఒక పూట చాలు. సారెమా అసలు సంపద పల్లె చర్చిలలో ఉంది. చరిత్ర మాస్టారికి అవి చూపించకపోతే ఆయన్ని అంత దూరం తీసుకువెళ్ళి ఏం లాభం?

వల్యాలా చర్చి ఎస్తోనియాలో మిగిలిన రాతి చర్చిలన్నిటిలోకీ పాతదని చెబుతారు. 1227 చలికాలంలో గడ్డకట్టిన సముద్రం మీదుగా క్రుసేడు (క్రైస్తవ మతయుద్ధ) సైన్యం నడిచి వచ్చి పక్క ద్వీపమైన ముహులోని కోటను, ఆ తర్వాత వల్యాలా కోటను లొంగదీసుకుంది. ద్వీపవాసులు క్రైస్తవం తీసుకున్నాక ఈ చర్చి కట్టడం మొదలైంది. ఆ పాత మట్టికోట గట్టు ఇప్పటికీ చర్చికి దగ్గరలోనే ఉంది. ఓడిన కోట, గెలిచినవాళ్ళ గుడి రెండూ ఒక్క నడకలో చూడవచ్చు. లోపల చెక్కడాలున్న రాతి జ్ఞానస్నానపు తొట్టిని వదిలిపెట్టకండి.

దాని తర్వాత కర్యా చర్చి. బయటి నుంచి చూస్తే గోపురం లేని చిన్న తెల్లటి కట్టడం, ఎవరైనా దాటి వెళ్ళిపోతారు. దక్షిణ ద్వారం దగ్గర ఆగి శిలువ దృశ్యం చెక్కిన రాతిపలకను చూడండి. క్రీస్తుకు అటూ ఇటూ ఇద్దరు దొంగలు ఉంటారు. మంచి దొంగ ఆత్మను దేవదూత అందుకుంటుంది, చెడ్డవాడి ఆత్మను దయ్యం లాక్కుంటుంది, ఆత్మలు చిన్న బొమ్మల్లా ఉంటాయి. లోపల కమాను స్తంభాల మీద సెయింట్ కాథరిన్, సెయింట్ నికొలస్ కథలు చెక్కారు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, బలిపీఠం పైకప్పు మీద ఐదు కోణాల నక్షత్రం, మూడు కాళ్ళు చక్రంలా పరుగెత్తే గుర్తు ఎర్రరంగుతో వేసి ఉన్నాయి. చర్చి పైకప్పులో ఆ గుర్తులేమిటని పండితులు ఇంకా తర్కించుకుంటూనే ఉన్నారు. మీ నాన్నగారు కూడా ఓ చెయ్యి వేయవచ్చు.

సమాధానం (టాలిన్, మరొకరు)

చెల్లీ, చర్చిలు బాగుంటాయి సరే, అక్కడికి వెళ్ళే సంగతి ముందు తెలుసుకో. బస్సు కురెస్సారె వరకు బాగానే దొరుకుతుంది, టాలిన్ నుంచి వచ్చే బస్సు విర్త్సులో ఓడ ఎక్కి ముహు ద్వీపంలో కుయివస్తు దగ్గర దిగి, 1896లో కట్టిన రాతి కట్ట మీదుగా సారెమా చేరుతుంది. కాని పల్లె చర్చిల మధ్య బస్సులు రోజుకు ఏ రెండు మూడో ఉంటాయి, ఆదివారం ఇంకా తక్కువ. కారు ఉన్న స్నేహితుణ్ణి వెంట తీసుకువెళ్ళడం ఉత్తమం.

కారు అద్దెకు తీసుకుంటే మాత్రం నా అనుభవం వినాలి. కిందటి వేసవిలో టాలిన్‌లో ఒక చిన్న అద్దెకార్ల సంస్థ దగ్గర బండి తీసుకుని మావాళ్ళతో ఈ దారులే తిరిగాం. పొయ్‌దె చర్చి వైపు, ఆ పైన మాసిలిన్న కోట శిథిలాల వైపు కంకర రోడ్డు వస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు కౌంటరులో కుర్రవాడు ముందు అద్దం కిందిభాగంలో బియ్యపు గింజంత రాతి దెబ్బ చూపించి, అద్దం మొత్తం మార్చాలన్నాడు. డిపాజిట్టు మొత్తం పట్టేసుకున్నారు. బండి తీసుకున్నప్పుడే నాలుగు వైపులా, అద్దాలతో సహా, తేదీ కనిపించేలా ఫోటోలు తీసి ఉంచాను, వాటిలో ఆ దెబ్బ స్పష్టంగా ఉంది. పంపితే జవాబు లేదు. మళ్ళీ పంపితే ఫోటోలు మసకగా ఉన్నాయన్నారు. ఫోను చేస్తే బాధ్యుడు సెలవులో ఉన్నాడన్నారు, ఆయన వచ్చాక కంకర రోడ్డు మీద నడపడమే ఒప్పందానికి విరుద్ధమన్నారు. ఒప్పందం మూడోసారి చదివాను, అందులో ఆ మాటే లేదు. చివరికి వినియోగదారుల వివాదాల కమిషన్‌కు దరఖాస్తు పెడుతున్నానని వాళ్ళ భాషలోనే రాయించి పంపాక, కొన్ని వారాలకు డబ్బు వెనక్కి వచ్చింది. అద్దం మార్చిన రసీదు మాత్రం ఇప్పటికీ చూపించలేదు.

అందుచేత ఫోటోలు తీయండి, ఒప్పందం చదవండి. పగలైనా లైట్లు వేసే నడపాలి, ఇది ఇక్కడ చట్టం.

ఇంత గొడవ పడ్డా ఆ దారి వెళ్ళదగ్గదే. పొయ్‌దె చర్చి కోటగోడలా ఎత్తుగా, మొండిగా నిలబడి ఉంటుంది. 1343లో ద్వీపవాసులు తిరగబడి పొయ్‌దెలో తమ మీద పెత్తనం చేస్తున్న జర్మను యోధుల సంఘపు కోటను ముట్టడించి కూల్చారు. తిరుగుబాటు అణగదొక్కాక జర్మనులు ద్వీపవాసుల చేతనే కొత్త కోట కట్టించారు, అదే మాసిలిన్న. 1940లో పిడుగుపడి పొయ్‌దె చర్చి తగలబడింది. యుద్ధం, సోవియట్ కాలం గడిచాక మిగిలిన ఖాళీతనాన్ని లోపల నిలబడితేనే అర్థం చేసుకోగలరు. రంగులు, బంగారు పూతలు ఏవీ ఉండవు.

సమాధానం (హాప్‌సలు)

నా మాట వింటే వేసవి వదిలేయండి, ఫిబ్రవరిలో వెళ్ళాలి. బాగా చలి పడిన ఏడు సముద్రం మీద అధికారికంగా మంచు రోడ్డు తెరుస్తారు, దాని మీద కారులో వెళ్ళడం మరచిపోలేని అనుభవం. నియమాలు కచ్చితం: సీటు బెల్టు పెట్టుకోకూడదు, గంటకు 25 కిలోమీటర్ల లోపు గాని 40 నుంచి 70 మధ్య గాని నడపాలి. మధ్య వేగంలో వెళితే మంచు కింద నీటి అల లేచి పగుళ్ళు వస్తాయి. 1227లో సైన్యం ఎలా వచ్చిందో చరిత్ర మాస్టారికి అప్పుడు నిజంగా తెలుస్తుంది.

సమాధానం (పర్ను)

హాప్‌సలు తమ్ముడూ, వాళ్ళు వచ్చేది జూలైలో అని మొదటి వాక్యాల్లోనే ఉంది. మంచు రోడ్డు ఏటా తెరవరు, ఈమధ్య వెచ్చటి చలికాలాల్లో బొత్తిగా అరుదైంది. అంతకన్నా ముఖ్యం, చలికాలంలో పల్లె చర్చిలకు తాళాలుంటాయి. కర్యా దాకా వెళ్ళి గోడను తాకి వెనక్కి రావడానికి సీటు బెల్టు విప్పుకుని సముద్రం దాటాలా? వేసవిలో పగటిపూట తలుపులు తెరిచి, ఒక్కొక్కచోట ఊరి పెద్దావిడ ఎవరైనా కూర్చుని ఉంటారు. ఆ నెలల్లో వెళ్ళడమే సరైన పని.

సమాధానం (హాప్‌సలు)

అక్కా, గోడను తాకినా చరిత్రే. బయటి చెక్కడాలు చలికాలంలోనూ కనబడతాయి. అయినా పెద్దవాళ్ళతో ప్రయాణం కనుక ఈసారికి నా వాదన వదులుకుంటున్నాను. రాత్రివేళ పల్లె రోడ్డు మీద నడిస్తే మాత్రం కోటుకు హెల్కుర్ (వెలుతురు పడితే మెరిసే బిళ్ళ) వేలాడదీయండి, చీకట్లో పాదచారులకు అది తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు (టార్టు)

అందరికీ ధన్యవాదాలు. మాతో డ్రైవింగు వచ్చిన సహాధ్యాయి రావడానికి ఒప్పుకుంది. గాలిమరల గురించి, ఉల్కపాత గుంట గురించి ఎవరూ రాయలేదు. అవి చూడదగ్గవేనా? అమ్మ ఎక్కువ నడవకుండా ఏ వరుసలో చూడాలి?

సమాధానం (పర్ను)

ఓడ దిగగానే కురెస్సారెకు పరుగెత్తకండి. ముహు ద్వీపంలోనే లీవా ఊరి దగ్గర ప్రధాన రహదారి పక్కన సెయింట్ కాథరిన్ చర్చి ఉంది, అమ్మగారు కారు దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు. అక్కడి నుంచి కొగువా ఊరు. నాచు పట్టిన రాతి గోడలు, వాటి వెనక గడ్డికప్పు ఇళ్ళు, గాదెలు, వేసవి వంటిళ్ళు. రచయిత యుహాన్ స్మూల్ పుట్టిన ఇల్లు ఇప్పుడు ముహు మ్యూజియంలో భాగం. మిగతా ఇళ్ళలో మనుషులు కాపురం ఉంటున్నారు, కనుక గేట్లు తోసుకుని ఫోటోలకు లోపలికి వెళ్ళకూడదు. సోవియట్ కాలంలో ఈ ద్వీపాలు సరిహద్దు మండలం, ప్రధాన భూభాగం వాళ్ళు సైతం అనుమతి పత్రం లేకుండా రాలేకపోయేవారు. ఊళ్ళు ఇంతగా చెక్కుచెదరకుండా మిగలడానికి అదొక కారణమని నా అభిప్రాయం.

కట్ట దాటాక పొయ్‌దె, తర్వాత ఆంగ్లా గాలిమరలు, దాని పక్కనే కర్యా. ఆంగ్లా గట్టు మీద ఐదు మరలున్నాయి. నాలుగు పాత పద్ధతివి, ఒకే లావుపాటి స్తంభం మీద మర ఇల్లు మొత్తం తిరుగుతుంది, వెనక ఉన్న పొడవాటి దూలాన్ని పట్టుకుని మనుషులే గాలికి ఎదురుగా తిప్పుకునేవారు. ఐదోది 1927లో కట్టిన డచ్చి తరహాది, దానికి తలభాగం మాత్రమే తిరుగుతుంది. రెండూ ఒకేచోట ఉండడం వల్ల తేడా నాన్నగారికి మాటల్లో చెప్పనక్కరలేదు. అమ్మగారికి నిచ్చెన మెట్లు వద్దు, కింద నుంచి చూసినా బాగుంటాయి.

మీరడిగిన ఉల్క గుంట కాలీలో ఉంది, అది కట్టడం కాదు గాని, కురెస్సారె వెళ్ళే దారిలోనే ఉంది. సుమారు 110 మీటర్ల అడ్డకొలత, అడుగున నీళ్ళు. 1937లో రైన్‌వాల్డ్ అనే ఇంజనీరు ఉల్కా ఇనుము ముక్కలు కనుగొన్నాకే అది ఉల్క చేసిన గుంట అని నిర్ధారణ అయింది. దాని గట్టు మీద పాత రాతిగోడ ఆనవాళ్ళు కూడా దొరికాయి. వల్యాలా అక్కడికి దగ్గరే, కనుక రెండూ కలిపి చూసుకుని రాత్రికి కురెస్సారె చేరండి. మర్నాడు పొద్దున్నే, బస్సుల జనం రాకముందే, కోట. అప్పటికి టాలిన్ అన్నయ్యగారికీ తృప్తి.

సమాధానం (టాలిన్, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయినవాడిని)

తృప్తే గాని, కోటకు ఒక్క పూట చాలదనే నేనంటాను. మ్యూజియం పనివేళలు ఒక్కసారి చూసుకుని వెళ్ళండి. మరో రోజు మిగిలితే పడమటి వైపు కిహెల్కొన్నా చర్చికి వెళ్ళండి. అక్కడ గంటల గోపురం చర్చికి అతికించకుండా వేరుగా, 1638లో కట్టింది నిలబడి ఉంది. పర్ను చెల్లెమ్మ దాని సంగతి రాయలేదు.

సమాధానం (పర్ను)

రాయలేదు, ఎందుకంటే అది అమ్మగారి మోకాళ్ళకు అదనపు ప్రయాణం. మూడో రోజు ఉంటేనే.