తాతగారి .375 రైఫిల్ చెక్క బీటలేసింది: క్రాస్ బోల్టులా, బెడ్డింగా?

లంకవారబ్బాయి (అమలాపురం దగ్గర)
అందరికీ నమస్కారమండి. తాతగారి నుంచి నాన్నగారికి, ఆయన నుంచి నాకు లైసెన్సు మార్పించుకుని తెచ్చుకున్న .375 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్ ఉంది. మౌజర్ యాక్షన్ (గుండు ఎక్కించి పేల్చే ఇనుప భాగం), వాల్‌నట్ చెక్క. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట మాటే లేదు, రేంజ్‌లో ఎప్పుడైనా నాలుగు గుళ్ళు కాల్చడానికే బయటికి తీస్తాం. మొన్న తుడుస్తుంటే యాక్షన్ తోక వెనకాల, చెయ్యి పట్టుకునే సన్నటి చోట, వెంట్రుకంత పగులు కనబడింది. మా వడ్రంగి మేస్త్రి "అడ్డంగా రెండు బోల్టులు బిగించేద్దామండీ, వందేళ్ళుంటది" అంటున్నాడు. చేయించెయ్యమంటారా, లేక కొందరు చెప్పే బెడ్డింగ్ (ఇనుము చెక్కలో నిండుగా ఆనేలా మధ్యలో రెజిన్ పోయడం) చేయించాలా?

పాత లైసెన్సు (కాకినాడ)
మేస్త్రి చేతికి మాత్రం ఇవ్వకండి బాబూ. ఆయన పనితనం మీద అనుమానం కాదు. 1959 ఆయుధాల చట్టంలో 5వ సెక్షన్ చదవండి, తుపాకీ మరమ్మతుకీ లైసెన్సు కావాలి. రిపేరు లైసెన్సున్న డీలరు దగ్గరికే పట్టుకెళ్ళండి, రసీదు తీసుకోండి. వెళ్ళేముందు ఇక్కడ నాలుగు విషయాలు తెలుసుకుంటే అక్కడ ఏం చెయ్యమనాలో మీకే తెలుస్తుంది.

మౌజర్ మావయ్య (భీమవరం)
బోల్టుల సంగతి తర్వాత. ముందు చెక్క ఎందుకు చీలిందో చూడాలి.

.375లో 300 గ్రెయిన్ల గుండు సెకనుకి సుమారు 2,500 అడుగుల వేగంతో పోతుంది. అంతే బరువున్న .30-06 తుపాకీతో పోలిస్తే తన్ను (పేలినప్పుడు వెనక్కి కొట్టే దెబ్బ) దాదాపు రెట్టింపు. ఆ తన్ను అంతా చెక్కకి అందాల్సింది ఒక్కచోటే: రిసీవర్ (యాక్షన్ ఒళ్ళు) ముందు భాగం కింద దిమ్మలా పొడుచుకొచ్చి ఉండే రికాయిల్ లగ్ వెనక ముఖం దగ్గర. అక్కడ లగ్ చెక్కకి నిండుగా ఆనకపోతే, ఏళ్ళ తరబడి దెబ్బలకి చెక్క నలిగి సందు పడితే, పేలిన ప్రతిసారీ యాక్షన్ మొత్తం వెనక్కి జారుతుంది. జారి జారి తోక వెళ్ళి చెక్కకి గుద్దుకుంటుంది. గొడ్డలి దెబ్బకి కట్టె చీలినట్టు చీలుతుంది. మీ పగులు అచ్చం అక్కడే ఉంది కదా!

కాబట్టి షాపులో విప్పించినప్పుడు రెండు చూడమనండి. లగ్ వెనక ముఖానికి కాటుక రాసి, యాక్షన్ కూర్చోబెట్టి, మరలు బిగించి మళ్ళీ తీయమనండి. చెక్కకి మసి ఎంతమేర అంటిందో అంతమేరే ఆనుతున్నట్టు. తోక వెనకాల విజిటింగ్ కార్డు మందమైనా సందు ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు అక్కడి చెక్క గీకాలి.

ఇంకోటి. మౌజర్‌లో వెనక మర చుట్టూ చిన్న ఉక్కు గొట్టం ఉంటుంది. పాత తుపాకుల్లో అది ఎక్కడో పడిపోయి ఉంటుంది. అది లేకుండా బిగిస్తే చెక్క నలుగుతూనే ఉంటుంది, మర వదులవుతూనే ఉంటుంది.

గోదారిగట్టు
ఇంత బాధెందుకండీ, చెక్క తీసేసి ఫైబర్ స్టాక్ వేయించేస్తే పోలా?

మౌజర్ మావయ్య
వేయించొచ్చు. తాతగారి ఫొటో తీసేసి క్యాలెండర్ తగిలించినా గోడ ఖాళీగా ఉండదు లెండి.

తాళ్ళరేవు ఫైబర్
తుపాకుల గురించి నాకు తెలీదండి, మాది ఫైబర్ నావల పని. రెజిన్ గురించి మాత్రం ఒక మాట. నావలకి వాడే పాలియెస్టర్ రెజిన్ చవక అని ఎవరైనా పోస్తానంటే ఒప్పుకోకండి. ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, చెక్కకి గట్టిగా పట్టదు. ఎపాక్సీయే కావాలి, అదీ నెమ్మదిగా ఆరే రకం. అయిదు నిమిషాల్లో బిగిసేది పనిలో తొందరకి బానే ఉంటుంది గానీ చెక్క లోపలికి ఇంకదు. రెజిన్, హార్డెనర్ రెండూ సరిగ్గా కలిపామా లేదా అన్నది కంటి అంచనాకి వదలకండి, కంపెనీ రాసిన పాళ్ళు కొలవాల్సిందే. మన వానాకాలం చెమ్మలో ఈ పని పెట్టుకోకండి, మాఘం ఫాల్గుణాల్లో అయితే చెక్క పొడిగా ఉంటుంది.

మౌజర్ మావయ్య
భలే చెప్పారు. దానికి నా వంతు. ఎపాక్సీ పోసేముందు ఆ పగుల్లో నూనె లేకుండా చూసుకోవాలి. పాత తుపాకులన్నీ బ్యారెల్ పైకి పెట్టి నిలబెడతారు, ఏళ్ళ తరబడి కారిన నూనె తోక దగ్గర చెక్కలోకి ఇంకుతుంది. నల్లబడి మెత్తబడిన చెక్కకి ఏ జిగురూ పట్టదు. అసిటోన్‌తో తుడిచి, సుద్దపొడి ముద్ద పట్టించి ఎండలో పెడితే నూనె పైకి పీలుస్తుంది. ఒక్కసారితో పోదు, ముద్ద మార్చి మార్చి పెట్టాలి.

తర్వాత పగులుని కాస్త తెరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తూ ఎపాక్సీ దించి, పాత సైకిల్ ట్యూబు బిగుతుగా చుట్టి ఒక రోజంతా కదపకుండా వదిలెయ్యడం. లోపలి నుంచి పగులుకి అడ్డంగా ఒక సన్నటి మరలున్న ఇత్తడి కడ్డీ ఎపాక్సీతో దించితే బయటికి కనబడదు కూడా.

ఆ తర్వాతే లగ్ వెనక బెడ్డింగ్. లగ్ ముందు, పక్కలు, అడుగున టేపు అంటించి వెనక ముఖం ఒక్కటే ఎపాక్సీకి ఆనేలా పోయాలి. ఇనుముకంతా మైనం పట్టించకపోయినా, మరల బొక్కల్లో బొమ్మలు చేసే మెత్తటి మట్టి నింపకపోయినా చెక్కా ఇనుమూ ఒకటైపోతాయి, ఇక ఊడదీయడం దేవుడి తరం కూడా కాదు.

క్రాస్ బోల్టులు అప్పుడు. ఒకటి లగ్ వెనక, ఒకటి మ్యాగజైన్‌కీ ట్రిగ్గర్‌కీ మధ్య ఉన్న సన్నటి చెక్కలో. జర్మన్ సైన్యం వాడిన 98 మౌజర్ చెక్కలో కూడా లగ్ వెనక అడ్డ బోల్టు ఉండేది, కొత్త సంగతేం కాదు. .458 లాంటి పెద్దవాటికైతే బ్యారెల్ కింద రెండో లగ్ కూడా పెడతారు, మీ .375కి అంత అవసరం ఉండదు.

పాత లైసెన్సు
చెమ్మ సంగతి వదిలేశారు. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేస్తే గుడ్డ కవరుతో సహా మూలన పడేస్తారు, నెలల తర్వాత తీసుకుంటే చెక్క ఉబ్బి మరలు కదులుతాయి. పైన పాలిష్ మెరుస్తున్నా లోపలి గూడు, భుజానికి ఆనే రబ్బరు కింద కోసిన ముఖం ఏ పూతా లేని చెక్కే. బెడ్డింగ్ అయ్యాక అక్కడ కూడా వార్నిష్ పూయించండి. ఇంట్లో కవరులో దాచకండి.

లంకవారబ్బాయి
డీలరు దగ్గర విప్పించామండి. కాటుక లగ్ ముఖంలో ఎడమవైపు కొంచెమే అంటింది, కుడివైపు చెక్క తెల్లగానే ఉంది. తోక వెనక కాగితం కూడా దూరలేదు. ఉక్కు గొట్టం లేదు. ఇంకో సంగతి, మ్యాగజైన్‌కీ ట్రిగ్గర్‌కీ మధ్య చెక్కలో కూడా సన్నటి గీత కనబడింది. ఆయన లగ్ దగ్గర బెడ్డింగ్ చేసి రెండో బోల్టు ఒక్కటే వేస్తానంటున్నారు, మొదటిది వద్దట. సరేననమంటారా?

మౌజర్ మావయ్య
ఆయనకి పని తెలుసు, సరేననండి. బెడ్డింగ్ పూర్తిగా గట్టిపడ్డాకే బోల్టు బొక్క తవ్వమనండి. వెనక మర ఉక్కు గొట్టం ఏది దొరికితే అది పెట్టకుండా మీ చెక్క మందానికి కొలిచి తిప్పించమనండి.