కొత్త లెక్కల గ్రూపులో చేరినవాళ్లు "హాయ్" తర్వాత మాట్లాడటం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (గ్రూపు అడ్మిన్, కాకినాడ)

అందరికీ నమస్కారం. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లు తెలుగులో మాట్లాడుకోడానికి టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు పెట్టాం. తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర్నుంచి రిటైరైన ఇంజినీర్ల దాకా చేరుతున్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ స్వాగతం చెబుతున్నాం, దండాలు, పూలగుత్తులు బోలెడు. వాళ్లూ "హాయ్, యాడ్ చేసినందుకు థాంక్స్" అంటారు. అక్కడితో సరి. మర్నాటి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే.

పిల్లలు అడగడానికి జంకుతున్నారేమో అనిపిస్తోంది. పెద్దవాళ్లకేమో పిల్లల లెక్కలు మరీ చిన్నవి. దీనికి తోడు ఫోన్‌లో భిన్నాలు, ఘాతాలు టైప్ చేయడం ఒక తలనొప్పి. ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు, చేరి నిలబడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వండి. వేరే యాప్‌కి మారితే మంచిదా అన్నది కూడా చెప్పండి.

జవాబు (హైస్కూల్ లెక్కల టీచరు, తెనాలి)

అడ్మిన్ గారూ, పూలగుత్తుల వల్ల నష్టమేమీ లేదు. కానీ కొత్తగా వచ్చినవాళ్లు ఉండేదీ వెళ్లిపోయేదీ వాళ్ల మొదటి ప్రశ్నకి ఎలాంటి జవాబు వచ్చింది అన్నదాన్ని బట్టే. మా పిల్లల గ్రూపులో నేను చూస్తున్నది ఇదే.

ఒక పాప అడిగిందనుకోండి: 2^100ని (అంటే 2 ఘాతం 100ని) 7తో భాగిస్తే శేషం ఎంత? మన గ్రూపుల్లో అర నిమిషంలో "2" అని జవాబు పడుతుంది. దాని కింద ఇంకొకరు పెద్ద పెద్ద మాటలతో మూడు లైన్ల సాధన అతికిస్తారు. పాప "థాంక్యూ సార్" అని వెళ్లిపోతుంది. తనకి ఒరిగిందేమీ లేదు, ఆ జవాబు పుస్తకం వెనకాల కూడా ఉంది.

అదే ఇలా చెప్పి చూడండి: "2, 4, 8, 16, 32, 64... ఒక్కోదాన్ని 7తో భాగించి శేషాలు వరసగా రాయమ్మా, ఏమైనా కనిపిస్తుందేమో చూడు." కాసేపటికి 2, 4, 1, 2, 4, 1 అని వస్తుంది. మూడేసి చొప్పున తిరుగుతున్నాయని తనే అంటుంది. "మరి నూరో చోట ఏది ఉంటుంది?" అని ఒక్క మాట అడిగితే చాలు. 33 మూళ్లు 99, పైన ఒకటి, కాబట్టి వరసలో మొదటిదే, 2. ఇక పాప ఊరుకోదు. 3^100 సంగతేమిటో కూడా చూస్తుంది. అక్కడ శేషాలు 3, 2, 6, 4, 5, 1 అని ఆరేసి చొప్పున తిరుగుతాయి, జవాబు 4. అది మనం చెప్పక్కర్లేదు, తనే వచ్చి మనకి చెబుతుంది.

అందుకని, కొత్తవాళ్ల మొదటి ప్రశ్నకి పూర్తి సాధన ఎవరూ పెట్టొద్దని ఒక నియమం పెట్టుకోండి. ముందు ఒక సూచన ఇవ్వాలి, వాళ్లు ఏమంటారో వినాలి, తర్వాతే ఇంకోటి. ఎంతవరకు చేశారో అడిగే తీరులో కూడా తేడా ఉంది. "నువ్వేం ట్రై చేశావ్?" అంటే నిలదీసినట్టు ఉంటుంది. "ఎక్కడ ఆగిపోయావమ్మా?" అంటే చెప్పాలనిపిస్తుంది. "ఇది చాలా ఈజీ", "ఇది కూడా రాదా" లాంటి మాటలు మాత్రం కనబడగానే తీసేయండి. ఆ ఒక్క మాటకి పిల్లలు మళ్లీ నోరు తెరవరు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు, పెద్దవాళ్లు రాసినా తీసేస్తాను.

జవాబు (గణితంలో పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్)

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను పెద్దవాళ్లూ పిల్లలూ అన్న సంగతికి వస్తాను. పిల్లలకొక గ్రూపు, పెద్దలకొక గ్రూపు అని అప్పుడే విడదీయకండి. ఉన్న కొద్దిమందిని ముక్కలు చేస్తే ఏ ముక్కలోనూ సందడి ఉండదు. దానికి బదులు వారానికి ఒక లెక్క పెట్టండి. ప్రశ్న అర్థం కావడానికి ఎనిమిదో తరగతి చాలాలి, చూడగానే జవాబు మాత్రం తట్టకూడదు.

స్వాగతానికి సరిగ్గా సరిపోయే లెక్క ఒకటి ఉంది, నాకు ఎంతో ఇష్టమైనది. గ్రూపులో ప్రతి ఒక్కరినీ "ఈ గ్రూపులో మీకు ముందే పరిచయం ఉన్నవాళ్లు ఎంతమంది?" అని అడుగుతాం. పరిచయం రెండువైపులా ఉండాలి, నాకు మీరు తెలిస్తే మీకు నేను తెలిసినట్టే. గ్రూపులో ఇద్దరున్నా, ఇరవై మంది ఉన్నా, వెయ్యి మంది ఉన్నా, ఒకే సంఖ్య చెప్పేవాళ్లు కనీసం ఇద్దరు ఉండి తీరతారు. ఎందుకు?

పిల్లలు ముందు నాలుగైదు చుక్కలు పెట్టి, తెలిసినవాళ్ల మధ్య గీతలు గీసి చూస్తారు. ఎలా గీసినా ఎవరో ఇద్దరికి సమానం వచ్చేస్తుంది. అది చూస్తుంటేనే సరదాగా ఉంటుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు లెక్కపెడతారు. ఆరుగురు ఉంటే చెప్పగలిగే సంఖ్యలు 0, 1, 2, 3, 4, 5. ఆరుగురికి ఆరు సంఖ్యలు ఉన్నాయి కదా, అందరూ వేర్వేరుగా చెప్పొచ్చు కదా అంటారు. అందరూ ఆగిపోయేది ఇక్కడే. ఆగనివ్వండి. ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు ఒక్క ప్రశ్న వేయండి: "5 చెప్పిన మనిషికీ 0 చెప్పిన మనిషికీ పరిచయం ఉందా?" మిగతా ఐదుగురూ తెలిసిన మనిషి ఒకరుంటే, ఎవరూ తెలియని మనిషి ఉండటానికి వీల్లేదు. అంటే 0, 5 రెండూ ఒకేసారి రావు. ఆరుగురికి మిగిలేవి ఐదు సంఖ్యలే, కాబట్టి ఎవరో ఇద్దరు ఒకే సంఖ్య చెప్పాల్సిందే.

ఇదే లెక్కలో పెద్దవాళ్లకీ పని ఉంది. సరిగ్గా ఒక్క జతకి మాత్రమే సమానం వచ్చేలా పరిచయాలు అమర్చగలమా? అమర్చగలం. ఎంతమంది ఉన్నా సరే, మనుషుల పేర్లు మార్చుకోవడాన్ని వదిలేస్తే, అలాంటి అమరికలు సరిగ్గా రెండే. అది నిరూపించమనండి, ఎమ్మెస్సీ చదివినవాళ్లకి కూడా ఒక సాయంత్రం గడిచిపోతుంది.

సగం ఆలోచన రాసినా పర్వాలేదని కూడా గట్టిగా చెప్పండి. 2009లో తిమోతీ గవర్స్ అనే గణితవేత్త, ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి ఒకే లెక్క సాధించే పాలీమ్యాథ్ మొదలుపెట్టినప్పుడు ఎవరైనా చేరొచ్చన్నారు. ఆలోచన పూర్తయ్యేదాకా ఆగకుండా చిన్న చిన్న ముక్కలుగా రాయమన్నారు. గవర్స్, టెరెన్స్ టావో లాంటి ఫీల్డ్స్ మెడల్ (గణితంలో చాలా పెద్ద బహుమతి) వచ్చినవాళ్లే అందరి ముందూ అరకొర ఆలోచనలు రాసి, ఒకరినొకరు దిద్దుకుంటూ, డెన్సిటీ హేల్స్-జూయెట్ అనే కష్టమైన సిద్ధాంతానికి కొత్త నిరూపణ సాధించారు. ఇది పిల్లలకి చెబితే ఎంత ధైర్యం వస్తుందో!

జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

యాప్ మార్చకండి, ఇప్పుడైతే వద్దు. ఫార్ములాల కోసమే అయితే జూలిప్ అనే చాట్ యాప్ బాగుంటుంది. డాలర్ గుర్తులు రెండేసి పెట్టి మధ్యలో లేటెక్‌లో (ఫార్ములాలు టైప్ చేసే కోడ్ భాషలో) రాస్తే అచ్చులో ఉన్నట్టే కనబడుతుంది, ఒక్కో లెక్కకి ఒక్కో టాపిక్ విడిగా ఉంటుంది. లీన్ అనే, నిరూపణల్ని కంప్యూటర్‌తో సరిచూసే సాఫ్ట్‌వేర్ వాడే గణితవేత్తలు కబుర్లు చెప్పుకునేది అక్కడే. డిస్కార్డ్‌లో టెక్సిట్ లాంటి బాట్‌ని చేర్చుకుంటే ఫార్ములాని బొమ్మగా మార్చి పెడుతుంది. కానీ అమ్మ ఫోన్‌లోంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని లేటెక్ నేర్చుకుని రమ్మనలేం కదా.

ఫోన్‌లో ఉన్నదాంతోనే చాలా పని జరుగుతుంది. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో ఇంగ్లిష్ పెట్టుకుని, అంకెల పేజీలో 2ని నొక్కి పట్టుకుంటే ² వస్తుంది. 1ని పట్టుకుంటే ½, ⅓, ¼ వస్తాయి. ఆ పక్క పేజీలో √, π, ÷, × ఉన్నాయి. పెద్ద ఘాతాలకి 2^100 అని రాస్తే అందరికీ అర్థమవుతుంది.

బ్రాకెట్లు మాత్రం తప్పనిసరి చేయండి. 6÷2(1+2) ఎంత అనే ఫార్వర్డ్ మీ గ్రూపుకీ వస్తుంది, రాసిపెట్టుకోండి. కొందరు 9 అని, కొందరు 1 అని రోజంతా వాదించుకుంటారు. (6÷2)×(1+2) అనుకుంటే 9, 6÷(2×(1+2)) అనుకుంటే 1. తిరకాసంతా రాసిన తీరులో ఉంది. అది చెప్పేసి వాదన ఆపేయండి.

ఇంకొకటి. టెలిగ్రామ్‌లో రెండేసి నిలువు గీతల మధ్య రాసింది స్పాయిలర్‌గా దాగిపోతుంది, తాకితేనే కనబడుతుంది. దీన్ని సాధనలకి వాడుకోండి. ఇంకా ఆలోచిస్తున్నవాళ్ల ఆనందం చెడకుండా ఉంటుంది.

జవాబు (ఇంటర్ ఎంపీసీ విద్యార్థి, సిద్దిపేట)

సార్, చేరి కూడా మాట్లాడనోళ్లలో నేనూ ఒకణ్ని, అందుకని చెప్తున్న. మా టెన్షన్ తప్పు రాస్తామని ఒక్కటే కాదు. మా లెక్చరర్ కూడా గ్రూపులో ఉన్నరేమో, ఇది కూడా రాదా అనుకుంటరేమో అని. అందుకే అసలు పేరు లేకుండా ఉండనియ్యండి.

ఫోన్ నంబర్ కనబడితే అమ్మాయిలు అసలే చేరరు. టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి పోయి, ఫోన్ నంబర్ దగ్గర "నోబడీ" పెట్టుకోమని వెల్కమ్ మెసేజ్‌లోనే రాయండి. డౌట్ అడిగినోళ్లకి పర్సనల్ మెసేజ్‌లు పంపొద్దని కూడా రాయండి. ఇది చాలా ముఖ్యం.

ఇంకోటి ఏందంటే, పరిచయాల్లో పెద్దోళ్లు ర్యాంకు, కాలేజీ చెప్పుకుంటే మాకు నోరు పడిపోతది. దానికి బదులు ఎవరికి ఏ లెక్క ఇష్టమో చెప్పమనండి. అట్లయితే మేము కూడా ఏదో ఒకటి చెప్తం.

అడ్మిన్, కాకినాడ

అందరికీ ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. బాబూ, నువ్వు చెప్పింది నాకు అసలు తట్టనే లేదు. ఈ రోజే పెడతాను.

ఇంకో చిక్కు ఉంది. ఒక పెద్దాయన చేరారు, మంచి మనిషి. పై అంటే కచ్చితంగా 22/7 అంటారు. స్కేలు, వృత్తలేఖినితో ఏ కోణాన్నైనా మూడు సమాన భాగాలు చేసే పద్ధతి కనిపెట్టానని రోజూ బొమ్మలు పెడుతున్నారు. కొందరు వెక్కిరిస్తున్నారు. ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు (టీచరు, తెనాలి)

వెక్కిరింపులు ముందు ఆపించండి. ఆ వయసులో రోజూ కూర్చుని బొమ్మలు గీస్తున్నారంటే ఆయనకి లెక్కలంటే ప్రాణం. 22/7 సంగతి తేలికే. భాగహారం చేయమనండి, 3.142857 వస్తుంది. పై 3.14159తో మొదలవుతుంది. మూడో దశాంశ స్థానంలోనే తేడా వచ్చేసింది. స్కూల్లో లెక్కల సౌకర్యం కోసం 22/7 తీసుకున్నాం అని చెబితే ఒప్పుకుంటారు.

జవాబు (పీహెచ్‌డీ విద్యార్థిని, హైదరాబాద్)

కోణం సంగతి: గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి అన్ని కోణాలకీ పనిచేసే పద్ధతి ఉండదని 1837లో పియర్ వాంట్‌జెల్ అనే గణితవేత్త నిరూపించారు. కానీ ఆ మాట ముందే మొహాన కొట్టకండి. "సార్, 60 డిగ్రీల కోణంతో మీ పద్ధతి చేసి చూద్దాం, అడుగడుగునా లెక్క వేద్దాం" అని కూర్చోండి. ఆయన పద్ధతిలో వచ్చే కోణం 20కి చాలా దగ్గరగా ఉండొచ్చు, సరిగ్గా 20 మాత్రం రాదు. ఎంత తేడా వచ్చిందో కనుక్కోవడం పిల్లలకి త్రికోణమితిలో చక్కటి అభ్యాసం. ఎంత దగ్గరగా వచ్చారో చూశాక నిరూపణ వినే ఓపిక ఆయనకే వస్తుంది. 90 డిగ్రీల కోణాన్ని మాత్రం నిజంగానే మూడు భాగాలు చేయొచ్చు, అది ఆయన చేత పిల్లలకి చెప్పించండి.

అడ్మిన్, కాకినాడ

పిన్ చేయడానికి ఇలా రాశాను, చూసి చెప్పండి.

"లెక్కలంటే ఇష్టం ఉన్న అందరికీ స్వాగతం. మీ పేరు, ఊరు, చదువు చెప్పాలని లేదు. మీకు ఇష్టమైన లెక్క ఒకటి చెప్పండి, లేదా ఈ వారం లెక్క చూడండి. ఫోన్ నంబర్ దాచుకోండి, అనుమతి లేకుండా ఎవరికీ పర్సనల్ మెసేజ్ పెట్టొద్దు. ఫోటో పెడితే ఒక లెక్కే కనబడేలా కత్తిరించి, ఎక్కడ ఆగిపోయారో ఒక లైను రాయండి. సగం ఆలోచన అయినా రాయండి. జవాబిచ్చేవాళ్లు ముందు సూచన ఇవ్వండి, పూర్తి సాధనని స్పాయిలర్‌లో పెట్టండి. ఏఐ ఇచ్చిన సాధన పెడితే ప్రతి లైనూ మీరు సరిచూసుకున్నాకే పెట్టండి. నడుస్తున్న పరీక్షల ప్రశ్నలు అన్ని షిఫ్టులూ అయ్యేదాకా పెట్టొద్దు. సందేహాలుంటే సంకోచించకుండా అడగండి."

జవాబు (ఇంటర్ విద్యార్థి, సిద్దిపేట)

మస్తుంది సార్. ఆఖరి లైన్ తీసేయండి. సంకోచించొద్దంటే ఇంకా సంకోచం అయితది. దాని బదులు ఒక ఉదాహరణ పెట్టండి: "2^100ని 7తో భాగిస్తే శేషం ఎంత? నేను 2^5 దాకా శేషాలు రాసిన, ఆ తర్వాత తెలుస్తలేదు." ఇట్లా అడగొచ్చని చూస్తే మేము కూడా అట్లనే అడుగుతం.

జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

వారం లెక్క మీద మాట్లాడుకోడానికి ఒక టైమ్ కూడా రాయండి. ఆదివారం రాత్రి 9:30 అయితే ఇక్కడ మాకు ఎండాకాలంలో పొద్దున 11, చలికాలంలో 10. పిల్లలు ఎక్కువసేపు మేలుకోనక్కర్లేదు, మాకూ వీలవుతుంది.

అడ్మిన్, కాకినాడ

రెండూ మార్చి పిన్ చేశాను. ఈ ఆదివారం 9:30కి పరిచయాల లెక్క పెడుతున్నాను. హైదరాబాద్ మేడమ్ గారూ, మర్నాడు సూచన మీరే ఇవ్వాలి. అప్పటిదాకా జవాబు తెలిసినవాళ్లు దయచేసి స్పాయిలర్‌లోనే రాయండి.